రసం చెట్టు దగ్గింది

లక్ష్మీనరసింహారావు మామిడిచెట్లకు జ్వరం చూస్తున్నాడని ఆగిరిపల్లి సెంటర్లో టీ తాగుతూ కిషోర్ బాబు నలుగురికీ చెప్పాడు. అతను కళ్ళారా చూడలేదు. చూసింది అతని భార్య పుష్పవతి. పక్కతోట వాళ్ళదే. ఆమె చెప్పిన మాట వేరు. "నరసింహారావు బాబాయ్‌గారు చెవులకి పే...ద్ద డిప్పలు తగిలించుకుని, చేతిలో చిన్న పెట్టె పట్టుకుని, చెట్టుకి తల ఆనించి కళ్ళు మూసుకున్నారు. కాసేపటికి 'దీన్లో లేదు' అని లేచి ఇంకో చెట్టు కిందకి పోయారు. అక్కడా వింటం, 'దీన్లోనూ లేదు' అంటం!" ఇదీ ఆమె చూసింది, విన్నది. ఈ మాట ఇంటి నుంచి సెంటర్‌కు నడిచి వచ్చేలోపు దానికి జ్వరం తగులుకుంది. సెంటర్లో నూజివీడు బస్సెక్కేసరికి అది చెట్టు లోపల పురుగు నమిలే చప్పుడు వినిపించే మిషను అయింది. నూజివీడులో బస్సు మారి మైలవరంలో దిగేసరికి ఆ తోటలో ఏ చెట్టు ఎన్నాళ్ళు బతుకుతుందో కూడా తేలిపోయింది.

నిజానికి ఆ పెట్టెలో ఆయన వెతుకుతున్నది పురుగును కాదు. దగ్గును.

దగ్గు సంగతి ఆదివారం పొద్దున మొదలైంది. ఆ పూట లక్ష్మీనరసింహారావు పెట్టుకున్న పని ఒక్కటే: కాఫీ తాగి, ఆవకాయ సరుకుల చీటీ భార్య చేత రాయించుకుని, నూజివీడు వెళ్ళి ఆవాలు, మిరపకాయలు బేరం చేసి రావడం. ఉగాది వెళ్ళింది. తోటలో పిందెలు గోలీకాయ సైజు దాటి నిమ్మకాయలయ్యాయి. ఆయన భార్య సుబ్బరత్నమ్మ పెట్టే ఆవకాయ మీద ఆ ఇల్లొక్కటే ఆధారపడి లేదు. ఇద్దరు ఆడపడుచులు, రెండు వైపుల వియ్యాలవారు, రిటైరైన ఒక తహసీల్దారు, ఆయన తోడల్లుడు... లెక్కవేస్తే పదకొండు ఇళ్ళు. వైశాఖం వచ్చేసరికి వాళ్ళ ఖాళీ జాడీలు ఆమె వసారాలోకి వచ్చి, రేషన్ షాపు ముందు సంచుల్లాగా వరస కట్టి కూర్చుంటాయి.

చీటీ రాయించుకునేలోపు సింధూర వచ్చింది. సుబ్బరత్నమ్మ తమ్ముడి కూతురు, నూజివీడులో ఇంజనీరింగ్ చదువుతోంది. మొన్నామధ్య అటక దులిపినప్పుడు దొరికిన ఒక పాత కేసెట్టును పట్టుకెళ్ళి, అందులో ఉన్న పాటను ఫోన్లోకి ఎక్కించుకుని తెచ్చింది.

ఆ పాట సుబ్బరత్నమ్మది. తన పద్దెనిమిదో ఏట విజయవాడ రేడియోలో ఒక లలితగీతం పాడానని ఆమె కాపురానికి వచ్చిన నాటి నుంచీ చెబుతోంది. కాపురానికి వచ్చిన నాటి నుంచీ లక్ష్మీనరసింహారావు ఒకటే జవాబు చెబుతున్నాడు: "ఆ రోజు మా ఊళ్ళో కరెంటు లేదు రత్నం." రేడియో బ్యాటరీలతో కూడా పాడుతుందని ఆమె నలభై ఏళ్ళుగా వాదిస్తోంది. ఇప్పుడు సాక్ష్యం దొరికింది. ఆ రోజు తమ్ముడు రేడియో ముందు టేప్‌రికార్డరు పెట్టి పట్టిన సాక్ష్యం.

సింధూర సంచిలోంచి హెడ్‌ఫోన్స్ తీసింది. మామూలువి కావు. సొంతంగా స్టూడియో పెడతానని కొని, ఉద్యోగం రాగానే సగం ధరకు వదిలించుకున్న ఎవరో సీనియర్‌వి. రెండు కొబ్బరిచిప్పలకు దిండ్లు కుట్టినట్టున్నాయి. వాటిని లక్ష్మీనరసింహారావు చెవులకు తగిలించి, పాటను ఆయన ఫోన్లోకి పంపి పెట్టింది. ఆయన కళ్ళు మూసుకుని శ్రద్ధగా విన్నాడు. ఫోన్ సౌండు మొత్తం పెంచినా, ఎక్కడో గట్టు అవతల నూనె కాగుతున్నట్టు ఒక చప్పుడు, దాని అడుగున చీమ మాట్లాడినట్టు ఇంకో చప్పుడు. అంతే.

భార్య గుమ్మంలో నిలబడి తన ముఖం వంకే చూస్తోంది. ఆయనకు ఆవకాయ గుర్తొచ్చింది.

"ఆహా! ఏం గొంతు రత్నం! తేనె!"

"విన్నారా?"

"విన్నాను. నలభై ఏళ్ళు అనవసరంగా నిన్ను అనుమానించాను."

"అయితే ఎక్కడ దగ్గానో చెప్పండి."

"నువ్వు దగ్గటమేంటి? తేనె అంటుంటే!"

"పాట మధ్యలో ఒకచోట దగ్గొచ్చింది. పక్కకి తిరిగి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నా. అది నాకూ, ఆ మైకుకీ తెలుసు. నిజంగా విన్నవాడికి తెలుస్తుంది." సుబ్బరత్నమ్మ చేతిలో ఉన్న సరుకుల చీటీని నాలుగు మడతలు పెట్టి, పోపులపెట్టె అడుగున పెట్టి మూత బిగించింది. "ఎక్కడ దగ్గానో చెప్పిన రోజు ఆవాలు కొనండి. అప్పటిదాకా ఈ ఇంట్లో ఆవకాయ లేదు."

ఆయన సింధూర వంక చూశాడు. సింధూర తల అడ్డంగా ఊపింది. "నా వంక చూడకు మావయ్యా. కాలేజీ లాబ్‌లో నేను విన్నాను గానీ, చెప్పనని అత్త నాచేత ఒట్టేయించుకుంది."

"స్పీకర్లో పెడితే వినపడదా?"

"స్పీకర్లో సముద్రం వినిపిస్తుంది. ఈ హెడ్‌ఫోన్స్‌లోనే వినాలి. కాకపోతే వీటిని తోసే బలం నీ ఫోన్‌కి లేదు. సైకిలు డైనమోతో అయిదు హార్స్‌పవర్ మోటారు తిప్పినట్టుంది ఇప్పుడు. మధ్యలో సౌండుకి బలమిచ్చే చిన్న యాంప్ పెట్టాలి. జేబులో పట్టేవి ఉంటాయి. మూడు వేల లోపు వెతుక్కో."

మోటారు మాట రాగానే లక్ష్మీనరసింహారావుకు విషయం పూర్తిగా అర్థమైంది. ప్రాణం లేచొచ్చింది కూడా. కొనడమనే పని ఆయనకు పండగ. పొలానికి పైపులు కొన్నా, ఇంటికి చీపురు కొన్నా నాలుగు చోట్ల చూసి, నలుగురిని విసిగించి గానీ కొనడు. ఆ రోజు నుంచి రెండు రోజులు పొద్దస్తమానం ఫోన్లో యాంప్‌ల వీడియోలే. ఆ కుర్రాళ్ళు ఒక్కొక్క పెట్టెనూ పట్టుకుని "వెచ్చటి సౌండు" అంటారు, "నల్లటి నిశ్శబ్దం" అంటారు, "పాడేవాడు మీ ఎదురుగా మూడడుగుల దూరంలో కూర్చున్నట్టుంటుంది" అంటారు. ఒక్కడు కూడా దగ్గు వినిపిస్తుందా లేదా చెప్పడు. ఒక వీడియో కింద ఆయనే అడిగాడు: "పాత కేసెట్టులో ఆడవాళ్ళ దగ్గు స్పష్టంగా వినవచ్చునా? దయచేసి తెలుపగలరు." ఇద్దరు నవ్వే బొమ్మలు పెట్టారు. ఒకడు డాక్టరుకు చూపించమన్నాడు.

చివరికి మూడు రకాలు తేలాయి. మొదటిది బొటనవేలంత, ఫోన్‌కు తోకలా వేలాడేది. రెండోది అగ్గిపెట్టెంత, సొంత బ్యాటరీతో, పక్కన సౌండు తిప్పే చక్రంతో. మూడోది సబ్బుబిళ్ళంత, బరువైనది. దానికి బలం పెంచే మీట కూడా ఉందట. ధర మూడు వేలకు ఒక్క రూపాయి తక్కువ. మామిడికాయల బుట్టలోంచి ఒకటి కోసి చూడకుండా బుట్ట కొనడం ఆ ఇంటి వంశంలో లేదు. పది రోజుల్లో వెనక్కి ఇచ్చేయవచ్చని రాసి ఉంది గనుక మూడూ తెప్పించాడు.

బుధవారం మొదటి రెండూ వచ్చాయి. సబ్బుబిళ్ళ సోమవారం వస్తుందన్నారు.

ఇంట్లో వినడం కుదరలేదు. మిక్సీ ఒక పక్క, కుక్కరు ఒక పక్క. అన్నిటికీ మించి ఆయన ముఖం చదవడానికి పదేపదే వసారాలోకి వచ్చే సుబ్బరత్నమ్మ. తోటకు వెళ్ళిపోయాడు. నడిమధ్యలో తాతలనాటి పెద్దరసం మామిడి చెట్టు ఒకటుంది. దాని మొదట్లో కూర్చుని, మానుకు తల ఆనించి, బొటనవేలు యాంప్ తగిలించి పాట పెట్టాడు. సౌండు పెరిగింది. కానీ నూనె కాగే చప్పుడు కూడా అంతే పెరిగింది. ఇది కలెక్టరు మామిడి అనుకున్నాడు ఆయన, చూపుకే తప్ప నోటికి పనికిరాదు. "దీన్లో లేదు," అనుకుంటూ, నీడ జరిగిపోతే తానూ జరిగి ఇంకో చెట్టు కిందకు పోయి అగ్గిపెట్టె తగిలించాడు. అది కాస్త మేలు. చీమ కాస్తా తేనెటీగ అయింది. పల్లవి తెలిసింది. మొదటి చరణం తెలిసీ తెలియనట్టు తెలిసింది. రెండో చరణం దగ్గరకు వచ్చేసరికి మళ్ళీ నూనె. "దీన్లోనూ లేదు."

భర్తకు క్యారేజీ పట్టుకెళుతూ పుష్పవతి ఆయన్ను చూసింది అప్పుడే.

ఆ సమయంలోనే జోజమ్మ కూడా వచ్చింది. జోజమ్మ ఆ తోటలో పాతికేళ్ళుగా పనిచేస్తోంది. ఏ కొమ్మ ఏ ఏడు కాసిందో యజమాని కంటే ఆమెకే బాగా తెలుసు. గోధుమరంగు పొడి ఏదో గుప్పిట్లో పట్టుకొచ్చి, ఆయన ముక్కు ముందు చెయ్యి చాపి ఏమో చెప్పింది. డిప్పల్లో నూనె కాగుతున్న లక్ష్మీనరసింహారావుకు ఆ పెదాలు ఆడటం మాత్రం కనిపించింది. పొడి కూడా కనిపించింది.

"ఆవపిండి సంగతి నీకు కూడా చెప్పిందా అమ్మగారు?" అన్నాడు గట్టిగా, డిప్పలు తియ్యకుండానే. "ఇంకా కొన్లేదు, పో! తర్వాత మాట్లాడదాం."

జోజమ్మ తన గుప్పిట వంక చూసుకుని, ఆయన వంక చూసి వెళ్ళిపోయింది. గురువారం మళ్ళీ వచ్చింది. అప్పుడు ఆయన రెండో చరణం దగ్గర ఉన్నాడు. వేలెత్తి ఆగమన్నాడు. అరగంట నిలబడి ఆమె పనిలోకి పోయింది. సరిగ్గా ఆ అరగంట చివర, అగ్గిపెట్టె చక్రాన్ని వెంట్రుకవాసి అటూ ఇటూ జరుపుతుండగా, నూనె అడుగున ఏదో కదిలింది. లక్ష్మీనరసింహారావు ఒక్కసారి లేచి నిలబడి అరిచాడు: "ఆఁ! ఉంది! సన్నగా ఉంది లోపల! దొరుకుద్ది, దొరక్కేం చేస్తది!"

కంచె అవతల పుష్పవతి పళ్ళెం జారవిడిచింది.

శుక్రవారం పొద్దున్నే కిషోర్ బాబు గడ్డపెరుగు ముంతతో ఆయన ఇంటికి వచ్చాడు. "బాబాయ్, మా తోట కూడా ఒకసారి వినాలి తమరు. ఉత్తరం వైపు రెండు బంగినపల్లి చెట్ల మీద నాకు అనుమానంగా ఉంది."

"వినేదేంట్రా, అది పాట వినే పెట్టె!"

"అలాగే అనండి బాబాయ్. బయటికి పొక్కకూడదుగా." కిషోర్ బాబు కన్నుగీటాడు. "మా నోట్లోంచి రాదు."

అతని నోట్లోంచి అప్పటికే వచ్చి రెండు మండలాలు తిరుగుతోంది. మధ్యాహ్నానికి మరో ముగ్గురు వచ్చారు. ఒకరు పుచ్చకాయలు తెచ్చారు, ఒకరు కోడిపుంజును తెచ్చారు. పాట అని చెప్పినకొద్దీ వాళ్ళకు గౌరవం పెరిగింది. చెట్టు కింద కూర్చుని పాట వినడానికి ఇన్ని తీగలూ పెట్టెలూ ఎవరైనా కొంటారా? అందులోనూ బావమరిది కూతురు ఇంజనీరింగు. సాయంత్రం లక్ష్మీనరసింహారావు కాదనడం మానేశాడు. కాదంటే పెరుగుతోంది, ఊరుకుంటే తగ్గుతుందనుకున్నాడు.

తగ్గలేదు. శనివారం మైలవరం నుంచి శ్రీమన్నారాయణ ఫోన్ చేశాడు. పిందె నిలబడగానే తోటలన్నీ నడిచి చూసి, చెట్టు మీదే కాపు కొనుక్కునే వ్యాపారి ఆయన. ఎనిమిదేళ్ళుగా ఈ తోట కాపు ఆయనదే.

"రావుగారూ, సోమవారం వద్దామనుకున్నా. మీ తోటకి పురుగు పట్టిందంటగా?"

"ఎవరండీ అన్నది?"

"మీరేనంట. మిషన్ పెట్టి విని, 'ఉంది, లోపల ఉంది' అని మీరే అరిచారంట. మిమ్మల్ని నమ్మమంటారా, నమ్మొద్దంటారా?"

లక్ష్మీనరసింహారావు నోటికొచ్చింది ఒకటి, బుర్రకు తోచింది ఇంకొకటి. అది నా పెళ్ళాం దగ్గు అని చెబితే ఈ పెద్దమనిషి నమ్మేలా లేడు. ఊరు మిషను అని నమ్మితే ఆ మిషనే సాక్ష్యం చెబుతుంది. "అది పక్కోడి చెట్టండీ," అన్నాడు గబగబా. "నా తోట మొత్తం విన్నాను. ఒక్క పురుగు లేదు. శుభ్రంగా ఉంది."

శ్రీమన్నారాయణ ముప్పై ఏళ్ళుగా వ్యాపారంలో ఉన్నవాడు. "మంచిది. అయితే సోమవారం నేనూ వింటాను. నా చెవులకే పెట్టండి."

సోమవారం పొద్దున సబ్బుబిళ్ళ పార్సిలూ, శ్రీమన్నారాయణ కారూ ఇంచుమించు ఒకేసారి వచ్చాయి. లక్ష్మీనరసింహారావు పార్సిలు చంకలో పెట్టుకునే తోటకు నడిచాడు. రాత్రంతా ఆలోచించి ఒక ఉపాయం పన్నాడు. పాట పెట్టడు. పెట్టె తగిలించి ఊరుకుంటాడు. పాట లేకపోతే చప్పుడు ఉండదు. చప్పుడు లేకపోతే పురుగు లేదు. ఇంతకంటే నిజాయితీగల అబద్ధం లోకంలో లేదు.

అక్కడికి వెళ్ళేసరికి పెద్దరసం చెట్టు చుట్టూ జనం. కిషోర్ బాబు, పుష్పవతి, పుచ్చకాయలాయన, కోడిపుంజాయన, ఇంకో పదిమంది. పుష్పవతి చెట్టు మొదట్లో నీళ్ళు చల్లి ముగ్గు కూడా వేసింది. జోజమ్మ వెనకాల గంప పట్టుకుని నిలబడింది. లక్ష్మీనరసింహారావును చూడగానే ముందుకొచ్చి, "అయ్యగారూ, ఈ చెట్టు కాదు, ఇంకో చెట్టు కాడ పెట్టుకోండి," అంది.

"నువ్వు కాసేపు ఊరుకో జోజమ్మా, పెద్దవాళ్ళొచ్చారు!"

ఆమె ఊరుకుంది.

శ్రీమన్నారాయణ ఇస్త్రీ చేసిన తెల్ల పంచె సర్దుకుని, మానుకు వీపు ఆనించి దర్జాగా కూర్చున్నాడు. లక్ష్మీనరసింహారావు కొత్త పెట్టెకు ఒక వైపు ఫోన్, మరో వైపు హెడ్‌ఫోన్స్ తగిలించి, వ్యాపారి చెవులకు డిప్పలు పెట్టాడు. ఫోన్ తన చొక్కా జేబులోనే ఉంచుకున్నాడు. పాట బుధవారం నుంచీ తిప్పి తిప్పి విన్న రెండో చరణం దగ్గర ఆగి ఉంది. ఆగే ఉంటుందనుకున్నాడు. పెట్టె ఒంటి మీద కూడా పాటను నడిపే బొత్తాం ఒకటుంటుందని ఏ వీడియోలోనూ ఎవరూ చెప్పలేదు. శ్రీమన్నారాయణ ఆ పెట్టెను మానుకు గట్టిగా అదిమి పట్టుకున్నాడు. ఆయన బొటనవేలు సరిగ్గా ఆ బొత్తాం మీద పడింది.

"ఏమీ వినపడదండీ," అన్నాడు లక్ష్మీనరసింహారావు చేతులు రుద్దుకుంటూ. "నిశ్శబ్దం. నల్లటి నిశ్శబ్దం!"

"ఉండండి, ఉండండి." శ్రీమన్నారాయణ చెయ్యెత్తాడు. "గరగరమంటోంది."

జనం ఒక అడుగు ముందుకు వేశారు. "నమలటం!" అన్నాడు కిషోర్ బాబు.

శ్రీమన్నారాయణ కనుబొమలు మెల్లగా పైకి లేచాయి. "నమలటం కాదు... వీణ."

"వీణా?"

"వీణే. మా చిన్నప్పుడు రేడియోలో వచ్చినట్టు." ఆయన గొంతు తగ్గిపోయింది. "ఆడమనిషి పాడుతోందయ్యా లోపల."

కోడిపుంజాయన చెప్పులు విడిచాడు. ఆయన్ను చూసి అందరూ విడిచారు. పుష్పవతి చెంపలేసుకుని, కొంగులో ముడేసి తెచ్చుకున్న పసుపు తీసి మానుకు పూయడం మొదలుపెట్టింది. "నేను ముందే అన్నాను, చెట్టు మాట్లాడుద్దని! మీరెవరూ నమ్మలేదు!" అప్పుడే మజ్జిగ బిందెతో గట్టు దిగి వస్తున్న సుబ్బరత్నమ్మ ఇదంతా ఏమీ అర్థం కాక అక్కడే ఆగిపోయింది.

లక్ష్మీనరసింహారావు చెయ్యి జేబులోకి పోయింది. పాట ఆపాలి. వేలు తెర మీద ఆనబోయింది.

"అరె!" శ్రీమన్నారాయణ ఉలిక్కిపడి మానును వదిలేశాడు. "దగ్గింది! చెట్టు దగ్గిందయ్యా!"

ఆ మాటతో లక్ష్మీనరసింహారావుకు తోట గుర్తులేదు, కాపు గుర్తులేదు, వ్యాపారి ముందు ఆడిన అబద్ధం గుర్తులేదు. ఎగిరి వ్యాపారి ముందు మోకాళ్ళ మీద పడి ఆయన భుజాలు పట్టుకుని ఊపేశాడు. "ఎక్కడ? ఎక్కడ దగ్గింది? ఏ మాట తర్వాత?"

"ఏమోనండీ, చెట్టు దగ్గితే మాట గుర్తుపెట్టుకుంటామా!"

"ఇట్లా ఇవ్వండి!" డిప్పలు లాగేసుకుని తన చెవులకు తగిలించుకున్నాడు. పాట వెనక్కి జరిపాడు. సబ్బుబిళ్ళ మీట పైకి తోశాడు.

నూనె గట్టు అవతలికి పోయింది. ఎదురుగా మూడడుగుల దూరంలో పద్దెనిమిదేళ్ళ పిల్ల ఒకతి వచ్చి కూర్చుంది. ఆ కుర్రాళ్ళు వీడియోల్లో అబద్ధం చెప్పలేదు. గొంతు సన్నగా, కాస్త భయంగా ఉంది. మాట చివర ఎత్తుకునే తీరు మాత్రం అదే. "ఏవండీ, కాఫీ" అన్నప్పుడు ఇప్పటికీ వినిపించే ఆ ఎత్తే. నలభై ఏళ్ళుగా రోజుకు రెండుసార్లు వింటూనే ఉన్నాడు. రెండో చరణం వచ్చింది. మూడో పాదం. ఊపిరి తీసుకోవలసిన చోట తీసుకోలేదు. ఎవరో దూరంగా ముఖం తిప్పుకున్నట్టు చిన్న దగ్గు. ఆ వెంటనే, అసలేమీ జరగనట్టు, వీణ కంటే ముందుగా అందుకున్న నాలుగో పాదం.

ఆయన డిప్పలు తీశాడు. కళ్ళు తుడుచుకోబోయి, జనం ఉన్నారని ముక్కు తుడుచుకున్నాడు.

"రత్నం!" అని కేకపెట్టాడు. "రెండో చరణం! మూడో పాదం అవగానే! దగ్గి, వీణ కంటే ముందే అందుకున్నావు!"

సుబ్బరత్నమ్మ బిందె గట్టు మీద పెట్టింది. నడిచి వచ్చి, డిప్పలు అందుకుని తన చెవులకు పెట్టుకుంది. పాట మొదటి నుంచీ చివరిదాకా నిలబడే విన్నది. అంతసేపూ చెప్పులు లేకుండా ఎండలో నిలబడిన పదిహేనుమందీ పాదాలు మార్చుకుంటూ ఆమె ముఖం వంకే చూశారు.

"పల్లవి రెండోసారి పాడినప్పుడు ఒక మాట తప్పాను," అంది డిప్పలు తీసి. "అది మీరు కనిపెట్టలేదు."

"కనిపెట్టలేదు."

"సరే. ఆవాలు అయిదు కిలోలు. సన్నావాలు. పోయినేడు తెచ్చినవి కాదు."

లక్ష్మీనరసింహారావు సబ్బుబిళ్ళను రెండు చేతులతో గుండెకు హత్తుకున్నాడు. మిగతా రెండూ వెనక్కి. ఇదొక్కటే ఉంటుంది. రూపాయి తక్కువ మూడు వేలకు ఇంతకంటే మంచి బేరం తన జన్మలో చెయ్యలేదు. పుష్పవతి పసుపు పూయడం ఆపి, చెయ్యి ఎక్కడ తుడుచుకోవాలో తెలియక కిషోర్ బాబు కండువాకు తుడిచింది. "మరి మా బంగినపల్లి చెట్లు, బాబాయ్?" అన్నాడు కిషోర్ బాబు నీరసంగా. "వాటికి పాట రాదురా," అన్నాడు లక్ష్మీనరసింహారావు.

శ్రీమన్నారాయణ మాత్రం నవ్వలేదు. "ఒక్క నిమిషం రావుగారూ. ఇది పాటల పెట్టె అయితే, తోట మొత్తం విన్నాను, పురుగు లేదని ఫోన్లో ఎట్లా చెప్పారు? అసలు పురుగు ఉందా, లేదా?"

అందరూ అలవాటుకొద్దీ పెట్టె వంక చూశారు. లక్ష్మీనరసింహారావు కూడా చూశాడు.

జోజమ్మ గంప కింద పెట్టి ముందుకొచ్చింది. "తమరు పైకి లేచి పంచె దులుపుకోండయ్యా," అంది శ్రీమన్నారాయణతో.

ఆయన లేచి, మెడ తిప్పి వెనక చూసుకున్నాడు. ఇస్త్రీ పంచె వెనక భాగమంతా రంపం కింద రాలినట్టు గోధుమరంగు పొట్టు. ఆయన కూర్చున్న చోట, పుష్పవతి ముగ్గు పక్కనే, దోసెడు కుప్ప. దానికి పైన, ఆయన వీపు ఆనించిన దగ్గర, బెరడులో చిటికెనవేలు పట్టే కన్నం.

"పొట్టు రాలిందంటే లోపల పురుగు తొలుస్తున్నట్టేగా," అంది జోజమ్మ. "ఈ ఒక్క చెట్టుకే పట్టింది. మిగతాయి అన్నీ తిరిగి చూశా, బానే ఉన్నయ్. ఇనపతీగ పెట్టి పురుగుని లాగి, మందు దూది కుక్కి, మట్టి మెత్తితే ఇదీ నిలబడుద్ది."

శ్రీమన్నారాయణ ఆ కన్నంలోకి వంగి చూశాడు. పక్కనున్న నాలుగు చెట్ల మొదళ్ళు చూసొచ్చాడు. పంచె దులుపుకున్నాడు. "జోజమ్మ చూసిందంటే నాకు చాలు. కాపు నాదే," అని చెయ్యి చాపాడు.

ఆ చెయ్యి పట్టుకుని ఊపుతూనే లక్ష్మీనరసింహారావు జోజమ్మ వైపు తిరిగాడు. పదిమందిలో పరువు పోయిందన్న బాధ ఆయన గొంతులో ఉంది. "ఇంత పొట్టు కళ్ళెదురుగా రాలుతుంటే నాకో మాట చెప్పొద్దా జోజమ్మా?"

"బుధారం కాడ్నించీ చెప్తానే ఉన్నానయ్యా. తమరికి చెవులు ఖాళీ లేవు."